ఎవరు సరేనన్నారు?

పురుగుల షెడ్డు, గుమ్మం దగ్గర

మిడతకు,

పోయినసారి వచ్చినప్పుడు నా ఫోన్ తీసుకుని ఏదో గెలికి వెళ్లావు. అప్పట్నుంచి దానికి మతిమరుపు పట్టుకుంది. పట్టుగూళ్ల ధర చూద్దామని మీ ఆఫీసు యాప్ తెరిస్తే చాలు, తెల్ల పెట్టె ఒకటి అడ్డం వచ్చి నిలబడుతోంది. "మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి మేమూ మా భాగస్వాములూ మీ సమాచారాన్ని వినియోగించుకుంటాము." కింద సమ్మతమే అని ఒక బటన్, సమ్మతం లేదు అని ఇంకోటి, మూలన మూసెయ్యడానికి చిన్న ఇంటూ గుర్తు. పొద్దున జవాబు చెప్తే సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న. సంత గేటు దగ్గర కూర్చునే ముసలాయన గుర్తున్నాడా, లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా "ఎవరమ్మా నువ్వు" అనేవాడు? అలా తయారైంది.

ఎదురింటి అక్క ఫోన్‌లో ఒక్కసారే అడిగిందట. ఏం నొక్కావని అడిగితే ఆవిడకే గుర్తులేదు. "ఏమో, ఈగని తోలినట్టు తోలేశా" అంది. మరి నన్నే ఎందుకు రోజూ అడుగుతోంది? నేనేం పాపం చేశాను?

భాగస్వాములు అన్న మాట మీద నొక్కి చూశాను. పేర్లు వచ్చాయి. వేలితో తోస్తూ పోతే వస్తూనే ఉన్నాయి. పెళ్లి పిలుపులు కూడా అంత పొడుగు ఉండవు. వాళ్లలో ఒక్కరు కూడా నాకు తెలియదు. నాతో వాళ్లకేం పని?

ఇది ఫోన్‌లోనే అడగొచ్చు కదా అంటావు. ఈ ఇంట్లో ఫోన్ ఒకటే. ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్లు ఎత్తుతారు, మెసేజ్ వస్తే మీ అన్న గట్టిగా చదివి అందరికీ వినిపిస్తాడు. కాగితమైతే నా పేరున వస్తుంది, కవరు నేనే చింపుకుంటాను.

పట్టుపురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. తలలు పైకెత్తి ఒక్కటీ కదలడం లేదు. అవి పొర విడిచేదాకా ఆకు వెయ్యకూడదు, తట్ట కదపకూడదు. అందుకే నాకింత తీరిక. లేచాక మందుపొడి చల్లాలి. తలుచుకుంటే ఇప్పుడే గొంతు పట్టేస్తోంది.

జవాబు తొందరగా రాయి.

వదిన

*

ఆఫీసు, కిటికీ పక్క బల్ల

వదినా,

పాపం నీది కాదు, నాది. నవ్వుకుంటావో తిట్టుకుంటావో చదివి చూసుకో.

మా యాప్ ఊరికే వస్తుంది కదా. మధ్యలో కనిపించే ప్రకటనలే మాకు కూడు పెడతాయి. ఆ ప్రకటనలు పంపేవాళ్లకి ఫోన్‌లోంచి కబురు వెళ్తుంది: ఈ ఫోన్ ఏ ప్రాంతంలో ఉంది, దీంట్లో ఏమేం చూస్తున్నారు, ఏం వెతుకుతున్నారు అని. దాన్నిబట్టి ఎవరికి నచ్చేది వాళ్లకి చూపిస్తారు. అయితే కబురు వెళ్లేముందు మనిషిని అడగాలి. జవాబు వచ్చేదాకా ఒక్క ప్రకటనని కూడా పిలవకూడదు. ఆ అడిగే పెట్టె పెట్టడమే ఇప్పుడు నా ఉద్యోగం.

మామూలుగా అది ఒక్కసారి అడిగి జవాబు దాచుకుంటుంది. పరీక్షించేటప్పుడు మాత్రం పెట్టె మళ్లీ మళ్లీ కనపడాలి కాబట్టి, యాప్ తెరిచిన ప్రతిసారీ పాత జవాబు చెరిపేసేలా ఒక కాపీ చేసుకుంటాం. పాత ఫోన్‌లో బటన్లు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని నీ ఫోన్‌లో ఆ కాపీ ఎక్కించాను. బస్సు వచ్చేసిందన్నారు, తీసెయ్యడం మరిచి పరిగెత్తాను. ప్రకటనలు మాత్రం అసలువే వస్తాయి.

అంటే ఇన్ని వేలమందిలో రోజూ అడిగించుకునేది నువ్వొక్కదానివే.

ఇప్పుడే తీసెయ్యమంటే ఎదురింటి అక్క చేత తీయించుకునే దారి రాస్తాను. కానీ వదినా, ఇంకొన్నాళ్లు ఉంచవూ? ఇక్కడ మేమందరం బల్లల ముందు కూర్చుని, జనం ఏం నొక్కుతారు, ఎందుకు నొక్కుతారు అని వాదించుకుంటున్నాం. నొక్కేవాళ్లని ఒక్కరం కూడా అడగలేదు. మా టీమ్ లీడరుకి నేను తొందరయ్య అని పేరు పెట్టాను. ఆయన మాట ఏమిటంటే, ఇంటూ గుర్తు నొక్కి మూసేసినవాళ్లని ఒప్పుకున్నట్టే లెక్కేద్దాం అని. "అభ్యంతరం ఉంటే చెప్పేవాళ్లు కదమ్మా" అంటాడు. సమ్మతం లేదు అనే బటన్‌ని కూడా రెండో పేజీలోకి నెట్టమంటున్నాడు. నాకు ఎందుకో మనసొప్పడం లేదు. కానీ ఎందుకు ఒప్పడం లేదో చెప్పమంటే మాట రావడం లేదు.

నువ్వు రోజూ ఏం నొక్కుతున్నావో, నొక్కేటప్పుడు ఏమనుకుంటున్నావో రాయి.

పురుగులు జ్వరం నుంచి లేచాయా?

మిడత

*

పురుగుల షెడ్డు

మిడతకు,

ఉంచాను. ఉంచడమేమిటి, అదే నాకిప్పుడు ఆటయింది.

మొదట్లో విసుగొచ్చి ఏది పడితే అది నొక్కేదాన్ని. నీ ఉత్తరం చదివాక, సమ్మతమే అన్న రోజు ఏం వస్తుంది, లేదన్న రోజు ఏం వస్తుంది అని చూడాలనిపించింది. మేత వేసి చేతులు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. ఒకరోజు అవును, ఒకరోజు కాదు.

కాదంటే ప్రకటనలు ఆగిపోతాయనుకున్నాను. ఆగవు. వస్తూనే ఉంటాయి, కాకపోతే గుడ్డిగా వస్తాయి. పళ్లపొడి, బట్టల సబ్బు, రంగు గోలీలు పేల్చే ఆట. ఎవరికి చూపించినా ఒకటే అన్నట్టు ఉంటాయి.

అవునన్న రోజు మాత్రం విచిత్రం. కోళ్లు! కోళ్లు నీళ్లు తాగే ఎర్ర గిన్నెలు, మేత డబ్బాలు, రోజు వయసు కోడిపిల్లలు అట్టపెట్టెల్లో కిచకిచలాడుతూ. షెడ్డు పైకి వేసే రేకులు. వాటి మధ్యలో దగ్గు మందు, దుమ్ము లోపలికి పోకుండా ముక్కుకి తగిలించుకునే మాస్కు. కోళ్లు మాస్కులు పెట్టుకుంటాయా ఏమిటి?

మొదటి రోజు పొరపాటనుకున్నాను. మళ్లీ అవునన్నాను, మళ్లీ కోళ్లు. కాదన్నాను, సబ్బు. అవునంటే కోళ్లు. బావిలో చేద వేసినట్టు, వేసిన ప్రతిసారీ అవే వస్తున్నాయి.

నేను జన్మలో కోళ్ల గురించి వెతకలేదు. వాటి వాసనకే నా పురుగులు మేత మానేస్తాయి. ఎదురింటి అక్కని అడిగాను, నా ఫోన్ నువ్వేమైనా వాడావా అని. "నాకు నా ఫోనే వాడటం రాదు, నీదెందుకే" అంది. పిల్లల్ని అడిగాను. ఫోన్ దొరికితే పాటలు చూస్తాం గాని కోళ్లెందుకు అన్నారు. మీ అన్నని అడిగాను. ఆయన చెప్పు తొడుక్కుంటూ, "ఆ మాయదారి యాప్‌ని నమ్ముతావేంటే, వాళ్లకి పనేముంది, నోటికొచ్చింది చూపిస్తారు" అని వెళ్లిపోయాడు.

నువ్వు చేసిన పెట్టె కదా, నువ్వు చెప్పు. చూసిందాన్నిబట్టి చూపిస్తారని నువ్వే రాశావు. చూడనిది ఎలా చూపిస్తున్నారు? తప్పు మీ యంత్రానిదా, ఇంకెవరిదైనానా?

నొక్కేటప్పుడు ఏమనుకుంటానో రాయమన్నావు. రోజూ అడిగేసరికి ఆగి ఆలోచిస్తున్నాను. ఒకేసారి అడిగి ఉంటే నేనూ ఈగని తోలినట్టే తోలేదాన్ని.

పురుగులు నాలుగో జ్వరం కూడా దాటాయి. పొడి చల్లి రెండు పూటలైనా గొంతు గరగర పోలేదు. తెల్లగా, వేలంత లావున ఉన్నాయి. ఆకు వేస్తే షెడ్డంతా వాన పడుతున్న చప్పుడు.

వదిన

*

ఆఫీసు

వదినా,

నీ ఉత్తరం పక్కసీటు అమ్మాయికి కొంచెం చదివి వినిపించాను. మేము చెయ్యాల్సిన పరీక్ష మీ వదిన చేసేసిందే అంది. మిగతాది చదవలేదు.

యంత్రం తప్పు కాదు. దానికి ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలియదు. దాని కంటికి ఫోన్ ఒకటంటే మనిషి ఒకరు. ఆ ఫోన్‌లో ఎవరు ఏం వెతికినా, మా యాప్‌లో కాకుండా ఇంకెక్కడ వెతికినా, అదంతా ఒకే మనిషి కోరికనుకుంటుంది. ఒకరు వెతుకుతారు, ఇంకొకరు సమ్మతమే అంటారు, మూడోవాళ్లు ప్రకటన చూస్తారు. పెట్టె రాసిన మాకు ఈ సంగతి తట్టనే లేదు. మాకందరికీ తలో ఫోన్ ఉంది కదా.

అంటే కోళ్ల గురించి ఎవరో వెతికారు. ఒకసారి కాదు, చాలాసార్లు.

పిల్లలు కాదంటున్నావు. అక్క కాదంటోంది.

అన్నయ్య ఈమధ్య షెడ్డు గురించి నీతో ఏమైనా అన్నాడా? ఊరికే అడుగుతున్నాను. అని ఉంటే ఏమన్నాడో, నువ్వేమన్నావో రాయి. నువ్వు అన్న మాట అన్నట్టే రాయి.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఈసారికి ఇంతే.

మిడత

*

ఇంటి వసారా

మరదలికి,

ఊరికే అడుగుతున్నానని రాశావు. నీ అక్షరాలు నాకు తెలియవా? ఊరికే అడిగేదానివైతే ఇంకో రెండు పేజీలు ఆఫీసు కబుర్లు రాసేదానివి.

నువ్వు అడిగినట్టే, అన్న మాట అన్నట్టే రాస్తాను. పురుగులు మూడో జ్వరంలో ఉన్నప్పుడు ఒకరోజు మీ అన్న షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఈ షెడ్డుతో ఇంకేమైనా చెయ్యొచ్చేమో" అన్నాడు. నేను తట్టలు చూసుకుంటున్నాను. జ్వరంలో ఉన్నప్పుడు అక్కడ గట్టిగా మాట్లాడకూడదని నా పట్టింపు. మెల్లగా కూడా ఏమీ అనలేదు. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. అంతే జరిగింది.

నిన్న కోళ్ల కంపెనీ మేనేజరట, ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. చెప్పులతోనే లోపలికి రాబోతే ఆపాను. "పొడవూ వెడల్పూ చూసి వెళ్తానమ్మా. ఈ పంట గూళ్లు దిగాక ఖాళీ చేసి ఇస్తామని మీవారు మాటిచ్చారు" అన్నాడు.

అతను వెళ్లాక మీ అన్నని నిలేశాను.

"ఎవర్నడిగి మాటిచ్చావయ్యా?"

"నిన్నడిగాను కదే. కాదన్నావా?"

"అడిగావా? ఎప్పుడు?"

"గుమ్మంలో నిలబడి. నువ్వేం మాట్లాడలేదు. ఇష్టం లేకపోతే నువ్వు ఊరుకునే మనిషివా? ఇల్లు పీకి పందిరెయ్యవూ!"

అప్పుడు అసలు మాట అన్నాడు. "మా చెల్లి కూడా సరేనంది."

అది మీ నాన్న కట్టించిన షెడ్డు. కాగితాల్లో మీ ఇద్దరి పేర్లే ఉన్నాయి, నా పేరు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కాని అందులో ఏ తట్ట ఏ పక్కకి వంగుతుందో, ఏ మూల ఎండ తగులుతుందో మీ ఇద్దరికీ తెలియదు. నన్ను ఒక్క మాట అడగాలని నీకు అనిపించలేదా? నేను కోళ్ల గిన్నెల గురించి నవ్వుతూ రాస్తుంటే, నీకు అన్నీ తెలిసే చదువుతున్నావా?

నువ్వు సరేనన్నావా లేదా? ఒక్క ముక్క రాయి.

పురుగులు పండుతున్నాయి. ఒళ్లు గాజులా అయింది. రేపట్నుంచి ఏరి, గూళ్లు కట్టే చంద్రికల మీద వెయ్యాలి. ఇదే ఆఖరి పంటైతే ఆ మాట వాటికి కూడా చెప్పాలి.

మీ అన్న భార్య

*

ఆఫీసు మెట్ల మీద

వదినా,

అనలేదు. ఒక్క ముక్క అన్నావు కాబట్టి ముందు అది రాశాను.

ఇప్పుడు మిగతాది. నీ రెండో ఉత్తరం నాకు అందడానికి కొంచెం ముందు నాకో మెసేజ్ వచ్చింది. ఇంటి ఫోన్ వదిలేసి, ఎరువుల కొట్టువాళ్ల ఫోన్ నుంచి అన్నయ్య పంపాడు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "షెడ్డు కోళ్ల కంపెనీకి ఇద్దామనుకుంటున్నా. మీ వదిన సరేనంది. నీకు ఇష్టం లేకపోతే చెప్పు."

చదివాను. నువ్వు సరేనన్నావంటే ఇక నేను చెప్పేదేముంది అనుకున్నాను. సాయంత్రం మాట్లాడదామనుకున్నాను. సాయంత్రానికి ఇంకో పని మీద పడింది. జవాబు ఇవ్వలేదు. నీ ఉత్తరంలో కోళ్లు చూసేసరికి నీకేమీ తెలియదని అర్థమైంది, అయినా నీ నోటితో ఏమంటావో ముందు తెలుసుకుందామనుకున్నాను. నిజం అప్పుడే రాయాల్సింది.

నీ దగ్గర నా పేరు చెప్పాడు. నా దగ్గర నీ పేరు చెప్పాడు. ఇద్దరం నోరు తెరవలేదు. రెండు సున్నాలు కలిపి ఒకటి చేశాడు మహానుభావుడు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఇక్కడ తొందరయ్య మళ్లీ మొదలుపెట్టాడు. మూసేసినవాళ్లని ఒప్పుకున్నట్టే రాసుకుందాం, అభ్యంతరం ఉంటే చెప్పేవాళ్లు అని. నాకు అన్నయ్య గొంతు వినపడింది. ఇన్నాళ్లూ రాని మాట అప్పుడు వచ్చింది. "సార్, మూసినవాళ్లు పనిలో ఉన్నారు, అంతే. ఆ సమయంలో వాళ్ల చేతిలో ఏముందో మనకి తెలియదు" అన్నాను. "ఏముంటుంది?" అన్నాడు. "పురుగులుండొచ్చు" అన్నాను. నాకేదో అయిందనుకున్నారు అందరూ. కాని ఇప్పుడు రెండు బటన్లూ మొదటి పేజీలోనే, ఒకే సైజులో, పక్కపక్కన ఉన్నాయి. మూసేస్తే సమ్మతం లేనట్టే. భాగస్వాములు అన్న చోట "ప్రకటనలు పంపే కంపెనీలు" అని రాశాను. ఒక నెల చూస్తాను, రాబడి పడిపోతే నీ పని చెప్తాను అని తొందరయ్య బెదిరింపు. చూద్దాం.

అన్నయ్యకి ఈ ఉత్తరంతో పాటే ఇంకో కాగితం పెట్టాను. నేను సరేనని ఎవరితోనూ అనలేదనీ, వదిన నోటితో విన్నాకే నా మాట చెప్తాననీ రాశాను. ఇచ్చెయ్యి. నువ్వు కూడా చదువుకో, అందులో దాపరికం లేదు.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు వదినా. అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ కోళ్లంటే పడదు. పుంజు తరిమితే చెట్టెక్కిన మనిషి. అలాంటివాడు ఇంత గుట్టుగా, ఇన్నాళ్లుగా కోళ్ల గురించి ఎందుకు వెతుకుతున్నాడు? తిట్టడం అయ్యాక అది కూడా అడుగు.

మిడత

*

పురుగుల షెడ్డు

మిడతకు,

తిట్టడం తొందరగానే అయిపోయింది. పురుగులు ఏరే పనిలో ఉన్నాం, చేతులు ఆడుతుంటే నోరు ఎంతసేపని ఆడుతుంది? మీ అన్న కూడా వచ్చి కూర్చున్నాడు. నీ కాగితం ఇచ్చాను. మొదట పైపైన చూసి, తర్వాత కూడబలుక్కుని చదివి, జేబులో పెట్టుకుని పండిన పురుగులు ఏరడం మొదలుపెట్టాడు. పచ్చివీ పండినవీ కలిపి ఏరుతుంటే చేతి మీద కొట్టాను.

"కోళ్లంటే పారిపోయేవాడివి, కోళ్ల షెడ్డు ఎందుకయ్యా నీకు?" అన్నాను.

"కోళ్లెవడిక్కావాలి?"

"మరి?"

ఇంకో నాలుగు పురుగులు ఏరాడు. తర్వాత తల ఎత్తకుండా, "నువ్వు పొడి చల్లిన రోజుల్లో నీ దగ్గు విన్నావా? నీకు వినపడదు. నాకు వినపడుతుంది" అన్నాడు. మందుల షాపాయన్ని అడిగాడట. ఏళ్ల తరబడి ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పట్టేస్తాయి, ఆ పని మానిపించు అన్నాడట. ఫోన్‌లో వెతికితే అక్కడా అదే రాసి ఉందట. "మానెయ్యమంటే నువ్వు మానే మనిషివా? షెడ్డే లేకపోతే మానతావని..."

ప్రకటనల్లో దగ్గు మందు ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. నేను కోళ్లు మాత్రమే పట్టుకున్నాను, దాని వెనకున్నది వదిలేశాను. మీ యంత్రం రెండూ చూపించింది.

కోపం పోయిందనుకోకు. ఇంకో రకంగా వచ్చింది. "ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెప్తే కాదంటావు" అన్నాడు. "కాదంటానని తెలిసి అడగడం మానేస్తే ఎలాగయ్యా? కాదనడానికే కదా అడిగేది" అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. దాన్ని ఒప్పుకోలు కింద నేను జమ చేసుకోలేదు. "సరిగ్గా అడుగు" అన్నాను.

అడిగాడు. దగ్గు సంగతి, కంపెనీకి మాటిచ్చిన సంగతి, నీకు పంపిన మెసేజ్ సంగతి, అన్నీ వరసగా చెప్పి, "షెడ్డు ఇద్దామా, వద్దా?" అన్నాడు. మనువాడినప్పట్నుంచి ఆయన నన్ను ఇంత పద్ధతిగా ఏదీ అడగలేదు. నవ్వొచ్చింది గాని నవ్వలేదు.

ఆలోచించుకోవడానికి టైము కావాలన్నాను. గూళ్లు కట్టడం అయ్యేదాకా ఇచ్చాడు. ఈలోగా మందుల షాపాయన దగ్గరికి కాకుండా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి గాని పొడికి దూరంగా ఉండాలన్నాడు. పొడికి. పురుగులకి కాదు. రెండుసార్లు అడిగి రాయించుకున్నాను.

గూళ్లు దించిన రోజు చెప్పాను. షెడ్డు ఇవ్వను. పురుగులు నావి, మేత నాది. పొడి చల్లే పని మాత్రం ఇకనుంచి నాది కాదు. మాస్కు కట్టుకుని నువ్వు చల్లు, నేను గాలి ఆడేదాకా బయట ఉంటాను. నీకూ ఎక్కువైతే రోజుకూలీ మనిషిని పెడదాం. ఇది నా జవాబు, నీ చెల్లి జవాబు నువ్వు అడుక్కో.

"మరి కంపెనీకి మాటిచ్చానే?"

"ఎవరిచ్చారు?"

వెళ్లాడు. నన్ను తోడు రమ్మన్నాడు, రానన్నాను. ఏం చెప్పాడో అడగలేదు. వచ్చి అన్నం కలుపుకుంటూ, "ఆ మేనేజరు మంచివాడే. ముందు ఇంట్లో కనుక్కుని రావాల్సింది కదండీ అన్నాడు" అని చెప్పాడు.

నీ పరీక్ష కాపీ ఎదురింటి అక్క కొడుకు చేత తీయించేశాను. మామూలుది ఎక్కించాక నీ కొత్త పెట్టె ఒక్కసారి వచ్చింది. బాగుంది. కళ్లజోడు లేకుండానే చదివాను. ఏం నొక్కానో నీకెందుకు?

కొత్త పురుగులు వచ్చాయి. నిన్న మొదటి జ్వరం నుంచి లేచాయి. మీ అన్న మాస్కు కట్టుకుని, పలచని గుడ్డలో పొడి మూటగట్టుకుని లోపలికి వెళ్లాడు. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి నెత్తి దగ్గర్నుంచి పాదాల దాకా సున్నం పూసిన గోడలా బయటికి వచ్చి, మాస్కు కిందికి లాగి, "చల్లేశానే" అన్నాడు.

"పై అరలో తట్టలకి?"

"పై అరలో కూడా ఉన్నాయా?"

"ఎన్నేళ్లుగా చూస్తున్నావయ్యా ఈ షెడ్డు?"

మాస్కు పైకి లాక్కుని మళ్లీ లోపలికి వెళ్లాడు. నిచ్చెన ఎక్కడుందో అడుగుతున్నాడు. వెళ్లి చూపించాలి.

వదిన